అత్తయ్య దాచిన మూడు రోజులు

ఆఫీసులో అందరూ ఆవిడను గ్రాములమ్మ అనేవారు. తూనికలు, కొలతల శాఖలో ఉద్యోగం. దుకాణాల్లో, గిడ్డంగుల్లో, మందుల కంపెనీల్లో కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించి ముద్ర వేయడం ఆవిడ పని. పెట్టెలోని ఇత్తడి బరువులను ఒట్టి చేత్తో ముట్టుకునేది కాదు. వేలి చెమట అంటినా లెక్క మారుతుందని తొడుగు వేసుకునే పట్టుకునేది. పదిహేడేళ్ళు అదే పని చేసీ చేసీ, మనుషుల మాటల్ని కూడా ఒకటికి రెండుసార్లు తూచి చూసే అలవాటు పడింది.

పెళ్ళయిన పన్నెండేళ్ళలో రెండుసార్లు కడుపు వచ్చి, మూడో నెల నిండకుండానే పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు సంతాన సాఫల్య కేంద్రం చుట్టూ తిరిగారు. మందులు, సూదులు, స్కానింగులు, ఎదురుచూపులు. ఆఖరికి రెండు పిండాలు మిగిలాయి. వాటిని గడ్డకట్టించి దాచారు. ఒకదాన్ని లోపల పెట్టే తేదీ ఖాయమైన వారానికే మహమ్మారి వచ్చి ఊరంతా మూతపడింది. కేంద్రానికీ తాళం పడింది. నలభై ఒకటో ఏడు నడుస్తున్న మనిషిని ఆగమన్నారే గానీ, ఎంతకాలమో ఎవరూ చెప్పలేదు.

ఐదు నెలలకు డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"తెరిచామమ్మా. కానీ బాగా ఆలోచించుకోండి. ఈ జబ్బు కడుపుతో ఉన్నవాళ్ళని ఏం చేస్తుందో మాకే ఇంకా పూర్తిగా తెలీదు. ఇంకో ఏడాది ఆగినా తప్పులేదు."

"ఏడాది పాటు నా వయసు కూడా ఆగుతుందా డాక్టర్?"

"సోమవారం రండి," అంది డాక్టరమ్మ.

మొదటి పిండం కరిగించేటప్పుడే పాడైపోయింది. రెండోది నిలిచింది.

గ్రాములమ్మ భర్త లిఫ్టు మెకానిక్. ఊళ్ళోని నాలుగు ఆసుపత్రుల లిఫ్టులు అతని చేతిలో ఉండేవి. అందరూ ఇళ్ళల్లో కూర్చున్న రోజుల్లో కూడా అతనికి సెలవు లేదు. ఆక్సిజన్ సిలిండరు పైకి వెళ్ళాలన్నా, మనిషి కిందికి రావాలన్నా ఆ లిఫ్టులు తిరగాల్సిందే. వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు. మెట్లమీదికి వంటింటి నుంచి ఒక తలుపు, ముందు గది నుంచి ఇంకో తలుపు ఉన్నాయి. ముందు గదికి వేరే చిన్న స్నానాలగది కూడా ఉంది. కడుపు పరీక్షలో 'ఉంది' అని వచ్చిన రోజే అతను తన మంచం ముందు గదిలోకి జరుపుకున్నాడు. మధ్య తలుపుకి గడియ వేసి, సందుల చుట్టూ టేపు అంటించాడు. ఆ రోజునుంచీ మొగుడూ పెళ్ళాల మాటలన్నీ తలుపు మీదుగానే.

"పెళ్ళికి ముందే నయం," అనేవాడు అవతల్నుంచి. "ఎదురుగా కూర్చుని అయినా మాట్లాడుకునేవాళ్ళం."

"అప్పుడు మాట్లాడిందంతా నేనే. మీరు టీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నారు," అనేది ఆమె ఇవతల్నుంచి.

వెనక గదిలో కోడలికి తోడుగా అత్తగారు దిగింది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కుట్టుమిషనుతో సహా వచ్చి, దాన్ని వంటింట్లో వేసుకుంది. వచ్చిన క్షణం నుంచీ ఇంట్లో ఆవిడ మాటే చట్టం. పాల ప్యాకెట్టును సబ్బునీళ్ళతో కడిగేది. ఆఫీసు నుంచి కోడలికి వచ్చిన ఉత్తరాన్ని ఇస్త్రీపెట్టెతో రుద్దిగానీ లోపలికి రానిచ్చేది కాదు. కొడుకు తలుపవతల దగ్గితే చాలు, మిషను ఆపేసేది.

"ఏరా, ఏం దగ్గు అది? పొడిదా, కఫమా?"

"నీళ్ళు పొలమారాయమ్మా."

"పొలమారినా అటు తిరిగి దగ్గు."

"మధ్యలో తలుపుంది కదమ్మా!"

"తలుపుంటే? గాలికి కూడా గడియ పెడతావా?"

మునుపు కడుపు పోవడానికి రక్తం గడ్డకట్టడమే కారణం కావచ్చని డాక్టరమ్మ అనుమానం. అందుకని రోజూ పొద్దున పది గంటలకు పొట్ట మీద ఒక సూది. బయటి నర్సును ఇంట్లోకి రానిచ్చే రోజులు కావు. గ్రాములమ్మ తానే వేసుకోబోయింది గానీ, సూది చర్మానికి తగలకముందే చెయ్యి కొయ్యబారిపోయింది. మొగుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పదంతస్తుల లిఫ్టు గోతిలో వేలాడే మనిషి, సూదికి మూత తీస్తే మొహం తిప్పేసుకునే రకం. చివరికి అత్తగారే పూనుకుంది.

"నలభై ఏళ్ళు సూదితోనే బతికాను. గుడ్డయితేనేం, చర్మమయితేనేం," అంది.

రెండు వేళ్ళతో చర్మం మడత పట్టి, "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతూ, పది అనేలోపు పని ముగించేది. ఆ లెక్క వింటూ పైకప్పు చూస్తూ పడుకుంటే గ్రాములమ్మకు నొప్పి తెలిసేది కాదు.

నెలలు గడిచాయి. స్కానింగుకు ఒక్కతే లోపలికి వెళ్ళాలి. భర్త రోడ్డవతల నిలబడి కిటికీల వైపు చూసేవాడు. మొదట్లో ప్రతి సాయంత్రం ఏ లిఫ్టు ఎలా మొరాయించిందో తలుపవతల్నుంచి చెప్పేవాడు. ఆరో నెల వచ్చేసరికి చెప్పడం మానేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే, "పైకెక్కినంతమంది కిందికి దిగట్లేదు," అని ఒక్కమాట అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ముప్ఫై ఒకటో వారం నడుస్తుండగా, ఒక మంగళవారం పొద్దున, పది గంటల సూది అయ్యాక, గ్రాములమ్మ వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని రిపోర్టు చూస్తోంది. ఏదో మాడిన వాసన వచ్చింది. క్షణాల్లో అది ముక్కులు అదిరేంత అయింది. పొట్ట పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడి పొగలు కక్కుతోంది. దానికి నాలుగడుగుల దూరంలో, స్టవ్‌కి వీపు పెట్టి, అత్తగారు నిమ్మళంగా పసిపిల్లల చొక్కాకి అంచు కుడుతోంది.

"అత్తయ్యా! పాలు!"

ఆవిడ ఉలిక్కిపడి లేచి స్టవ్ ఆపింది. "అయ్యో, మిషను చప్పుడులో వినపడలేదమ్మాయ్."

"వినపడటం కాదు. వాసన?"

అత్తగారు గిన్నె వైపే చూస్తోంది. గ్రాములమ్మ గట్టు కింద నుంచి ఫినాయిల్ సీసా తీసి, మూత విప్పి, మిషను బల్ల మీద పెట్టి గుమ్మం దాకా వెనక్కి వచ్చింది.

"ఒకసారి వాసన చూడండి."

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"చూడండత్తయ్యా."

ఆవిడ మూతికి కట్టుకున్న రెండు గుడ్డలూ కిందికి లాగి సీసా మీదికి వంగింది. గుమ్మంలో నిలబడ్డ గ్రాములమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అంత ఘాటు. సీసా మీద వంగిన మనిషి కనురెప్ప కూడా కదల్లేదు.

"ఎన్ని రోజులైంది?"

"మూడు," అంది అత్తగారు చాలా మెల్లగా.

గ్రాములమ్మ లెక్క చూసుకుంది. ఆవిడ ఆ మూతిగుడ్డలు ఇంట్లో కూడా కట్టుకోవడం మొదలుపెట్టి మూడు రోజులు. అడిగితే, 'నీ మంచికేలే' అంది. సూది వేసేటప్పుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మానేసి కూడా మూడు రోజులు. తన మీదికి వంగి ఉన్నంతసేపూ ఆవిడ ఊపిరి బిగపట్టి ఉందన్నమాట.

"ఎందుకు చెప్పలేదు?"

"జ్వరం లేదు, దగ్గు లేదు. వాసనొక్కటే కదా, జలుబేమో అనుకున్నా."

"అనుకోలేదు. జలుబనుకుంటే రెండు గుడ్డలు కట్టుకునేవారు కాదు. మీకు తెలుసు."

అత్తగారు కుర్చీలో కూలబడింది. "తెలిస్తే నన్ను తీసుకుపోతారు కదమ్మా. నేను పోతే నీకు సూది ఎవరు వేస్తారు? వాడా? అందుకే... ఇంకో రెండు రోజుల్లో తగ్గిపోతుందేమోనని చూశా. కిటికీ తెరిచే పెట్టాను. నీ కంచం నేను ముట్టుకోలేదు."

"ఆ ముక్క నాతో అంటే నేనేదో దారి చూసుకునేదాన్ని కదా! నా కడుపులో ఉన్నది ఆఖరిది అత్తయ్యా. మీకు తెలుసు కదా, ఆఖరిదని!"

ఆ అరుపు ఎదురింటి దాకా వినిపించి ఉంటుంది. పొట్టలో బిడ్డ ఒక్కసారి కదిలింది. గ్రాములమ్మ గది తలుపు వేసుకుని, భర్తకు ఫోన్ చేసింది.

మర్నాడు ముగ్గురికీ పరీక్ష చేశారు; ఆ రోజు సూది పరీక్షకు వచ్చిన నర్సే వేసి వెళ్ళింది. అత్తాకోడళ్ళిద్దరికీ జబ్బు ఉందని తేలింది. ముందు గదిలో ఉన్న అతనికి మాత్రం లేదు. ప్రమాదమంతా తన వల్లే వస్తుందని ఆరు నెలలు పిల్లిలా తిరిగిన మనిషి, ఆ కాగితం చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. జబ్బు ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. చొక్కాలకు ఎలాస్టిక్ అయిపోతే మూలమీది కొట్టుకు వెళ్ళి పది నిమిషాల్లో వచ్చేశానని అత్తగారు ఒప్పుకుంది. అక్కడే అంటిందో, మరెక్కడో.

గురువారం పొద్దుటికి అత్తగారికి ఆయాసం మొదలైంది. అంబులెన్సు వాళ్ళు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించబోతుంటే, గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగమంది.

"అమ్మాయ్, సూదులు బీరువా కింది అరలో ఉన్నాయి. పది గంటలకి మర్చిపోకు."

గ్రాములమ్మ గది లోపలి నుంచి విన్నది. తలుపు తియ్యలేదు.

పది గంటలకు మంచం అంచున కూర్చుని సూది మూత తీసింది. చెయ్యి మళ్ళీ ఆగిపోయింది. "ఒకటి," అంది పైకి. "రెండు." మూడు దగ్గర కళ్ళు మూసుకుని గుచ్చింది. పది దాకా లెక్కపెట్టి తీసి, అప్పుడు భోరుమంది.

శుక్రవారం పొద్దున భర్త తలుపు బయట ఒక చిన్న మెషీను పెట్టి వెళ్ళాడు, వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించేది. మొదటిసారి తొంభై ఆరు. మధ్యాహ్నం తొంభై నాలుగు. శనివారం పొద్దున తొంభై రెండు. గ్రాములమ్మ వేలు మార్చి చూసింది. చెయ్యి వెచ్చబడేలా రుద్దుకుని మళ్ళీ చూసింది.

"ఇది తప్పు చూపిస్తోందేమో," అంది తలుపుకి దగ్గరగా వచ్చి. ఆ చిన్న వాక్యానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

అవతల భర్త గొంతు సర్దుకున్నాడు. "నేను పెట్టుకుని చూసే అక్కడ పెట్టాను. నాకు తొంభై ఎనిమిది."

"అయితే మెషీను మంచిదే," అంది ఆమె. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

అత్తగారిని చేర్చిన ఆసుపత్రిలోనే, కాన్పుల విభాగంలో ఆమెను ఒక్కదాన్నే ఒక గదిలో ఉంచారు. ముక్కుకి గొట్టం, తర్వాత మొహానికి మాస్కు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని రెండు రోజులు సూదులు ఇచ్చారు. ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చేవారు, పోయేవారు; కళ్ళను బట్టి ఎవరెవరో గుర్తుపట్టాల్సిందే. సోమవారం పొద్దున ఒక పెద్ద డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. నిలబడి మాట్లాడకుండా కూర్చుందంటేనే గ్రాములమ్మకు సంగతి అర్థమైంది.

"మీ ఊపిరి మీకే చాలట్లేదమ్మా. బిడ్డని ఈరోజే బయటికి తీసేద్దాం. ముప్ఫై రెండు వారాలు. చిన్నదే, కానీ బతికించుకోవచ్చు."

"ఇద్దరిలో ఎవరో ఒకరే అంటే..."

"అలా అడక్కండి. నేను ఇద్దరి కోసమే వచ్చాను."

ఆ ఆసుపత్రి లిఫ్టులు కూడా అతని చేతిలోవే. రోగుల బంధువులను గేటు దాటనిచ్చేవారు కాదు గానీ, మెకానిక్‌కి లోపలికి పాసుంది. శనివారం నుంచీ అతను ఆ ఒక్క ఆసుపత్రి డ్యూటీయే అడిగి వేయించుకున్నాడు. వార్డు వైపు మాత్రం ఒక్క అడుగూ వేయలేదు. తనను బయటికి గెంటేస్తే ఆ ఉన్న దగ్గరతనం కూడా పోతుందని భయం. కాన్పుల విభాగం లిఫ్టు అప్పటికి వారంగా ఇబ్బంది పెడుతోంది, నేల మట్టానికి రెండు వేళ్ళు కిందే ఆగిపోతోంది. కావలసిన భాగం రాలేదు. కీ తిప్పి, లోపల ఒక మనిషి నిలబడి చేత్తో నడిపితేనే మట్టానికి ఆగుతుంది. ఆ మనిషి అతనే.

పదకొండు గంటలకు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, మళ్ళీ తెల్లటి రక్షణ దుస్తులు తొడుక్కుని లిఫ్టులోకి వచ్చి నిలబడ్డాడు. ఆపరేషన్ థియేటరు రెండో అంతస్తులో. పసిపిల్లల వార్డు ఐదో అంతస్తులో.

పన్నెండున్నరకు రెండో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఒక నర్సు గాజు పెట్టెను తోసుకుంటూ వచ్చింది. దాని కింద సిలిండరు, పక్కన మానిటరు.

"ఐదుకి, తొందరగా. చక్రాలు కుదపకుండా ఆపాలి," అంది.

అతను మీట నొక్కాడు. తల తిప్పకూడదనుకున్నాడు. తిప్పాడు. గాజు లోపల, గొట్టాల మధ్య, ఎర్రటి చిన్న ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. పాదం అతని బొటనవేలంత ఉంది. ఏడుపు లేదు. మూడు, నాలుగు. ఐదు దగ్గర లిఫ్టు ఎప్పటిలాగే కిందికి జారింది. అతను ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెంగా పైకి తెచ్చాడు. నేల, నేలతో కలిసింది. చక్రాలు ఏ కుదుపూ లేకుండా దాటాయి.

"బరువెంత ఉంది?" అన్నాడు వెనక నుంచి.

"పదహారు వందల పది గ్రాములు. ఎందుకూ?"

"వాళ్ళమ్మ మెలకువ రాగానే మొదట అదే అడుగుతుంది."

నర్సు ఆగింది. ముసుగు వెనక కళ్ళు అతని కళ్ళను చూశాయి. పెట్టెను కొద్దిగా అతని వైపు తిప్పి, రెండే రెండు క్షణాలు అలా ఉంచింది. "ఆడపిల్ల," అని, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

తలుపులు మూసుకున్నాక, అతను లిఫ్టు గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. కింద ఎవరో పిలుపు మీట నొక్కుతూనే ఉన్నారు.

తర్వాతి వారం దినదినగండంగా గడిచింది. కాన్పు అయిన మూడో రోజు గ్రాములమ్మ ఆక్సిజన్ ఇంకా పడిపోయి, గొంతులోకి గొట్టం వేయాలా అన్నదాకా వచ్చింది. నాలుగో రోజు నిలబడింది. ఐదో రోజు తనంతట తాను బోర్లా తిరిగి పడుకోగలిగింది. పాపకు జబ్బు అంటలేదని పరీక్షలో తేలింది. నర్సు ఫోన్‌లో పాపను చూపిస్తే, గ్రాములమ్మ మాస్కు లోపలే నవ్వి, బరువు ఎంత పెరిగిందని వేళ్ళతో సైగ చేసి అడిగింది.

అత్తగారి గురించి మాత్రం అడగలేదు. ఎనిమిదో రోజు భర్తే ఫోన్‌లో చెప్పాడు.

"అమ్మకి బాగాలేదు. రేపటిదాకా చూద్దామన్నారు."

ఆమె అరవాలని ఎన్ని మాటలు పోగేసుకుందో, అన్నీ గొంతులోనే ఉన్నాయి. "ఆవిడ అలా వెళ్ళిపోతే ఎలా?" అంది చివరికి. "నేను అడగాల్సినవి ఉన్నాయి. బతకమనండి. నేను బతకమన్నానని చెప్పండి."

ఆ మాటను ఒక వార్డు ఆయా అత్తగారి చెవిలో చెప్పిందట. విన్నదో లేదో తెలీదు. ఆవిడ మాత్రం బతికింది.

గ్రాములమ్మ పన్నెండో రోజున ఇల్లు చేరింది. పాప ఐదు వారాలకు వచ్చింది. అత్తగారు అందరికంటే ఆఖర్న, సగం మనిషై, పక్కన గురగురమనే ఆక్సిజన్ మెషీనుతో వచ్చింది. మధ్య తలుపు టేపు ఎప్పుడో ఊడదీశారు. అయినా ఆవిడ ముందు గదిలోనే పడుకునేది. పాప ఏడ్చినప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి, మూతిగుడ్డ సర్దుకుని, అక్కడే ఆగిపోయేది. కొడుకు, "రామ్మా, ఎత్తుకో," అన్నా, "ఇప్పుడు వద్దులేరా, చేతులు వణుకుతున్నాయి," అనేది. కోడలు రమ్మనలేదు.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున భర్త డ్యూటీకి వెళ్ళాడు. పాప తెల్లవారుజాము నుంచీ చంక దిగలేదు. గ్రాములమ్మ జుట్టు ముడి ఊడిపోయింది, భుజం మీద పాలు కక్కిన మరక. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

"అమ్మాయ్," అంది ఆవిడ. "నీ కోపం పోయిందా?"

"పోలేదు."

"పోదులే. నేనైనా పోనిచ్చేదాన్ని కాదు." ఆవిడ ఆయాసంతో ఆగింది. "నీ కోసమే దాచానని చెప్పాను ఆరోజు. అదంతా నిజం కాదు. ఆ ఆసుపత్రిలో ఒక్కదాన్నే పోతానేమోనని భయమేసింది. ఆ భయమే ఎక్కువ. సూది సంగతి తర్వాత."

గ్రాములమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. దాదాపు రెండు నెలలుగా తాను లోపల్లోపల ఎన్నిసార్లు తూచి చూసినా కుదరని మాట, ఇప్పుడు సరిగ్గా కుదిరింది. కోపం తగ్గలేదు. కానీ ఎదుట నిలబడ్డది భయపడ్డ ముసలావిడ అని, తనకూ ఆ గదిలో, ఆ మాస్కు కింద అదే భయం వేసిందని గుర్తొచ్చింది.

"కూర్చోండి," అంది.

"ఎక్కడ?"

"ఇక్కడే, మంచం మీద. వెనక దిండు పెట్టుకోండి. ముందు చేతులు కడుక్కోండి."

అత్తగారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ కడుక్కుని వచ్చింది. మంచం మీద జాగ్రత్తగా కూర్చుంది. గ్రాములమ్మ పాపను ఆవిడ ఒళ్ళో పెట్టి, వణికే చేతుల కింద ఇంకో దిండు దోపింది.

"ఎంతసేపమ్మా?" అంది అత్తగారు, కదిలితే ఏమవుతుందోనన్నట్టు బిగుసుకుపోయి.

"నేను తల స్నానం చేసి రావాలి. అరగంట పడుతుంది," అంది గ్రాములమ్మ. తువ్వాలు భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసింది. పాప కళ్ళు తెరిచి ఆవిడ మూతిగుడ్డ వైపే చూస్తోంది. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం ఓరగానే ఉంచింది.